ఒక లెక్కలో −1 కొట్టేయాలట, ఇంకో లెక్కలో ఉంచాలట. ఎందుకు?

చుక్కల_ముగ్గు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్. ఫోన్‌లో తెలుగు కీబోర్డే పెట్టుకున్నాను, అందుకని ఎక్స్ బదులు య అని రాస్తున్నాను. ఏమనుకోకండి.

పోయిన వారం టెస్టులో ఈ లెక్క వచ్చింది:

√(2య + 3) = య

రెండు వైపులా వర్గం చేశాను. య² − 2య − 3 = 0 వచ్చింది. (య − 3)(య + 1) = 0 కాబట్టి 3, −1 అని రెండూ రాశాను. −1 మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టి మార్కులు తగ్గించారు. రుణ సంఖ్య వస్తే తీసుకోకూడదు కాబోలు అనుకున్నాను.

ఈ వారం ఇంకోటి ఇచ్చారు:

√(2య + 3) − √(య + 1) = 1

వర్గం చేస్తే 2య + 3 − (య + 1) = 1, అంటే య = −1. మళ్ళీ రుణ సంఖ్యే కదా అని కొట్టేసి "సాధన లేదు" అని రాశాను. ఇదీ తప్పేనట. కీలో −1, 3 రెండూ ఉన్నాయి!

అదే −1. ఒకచోట తప్పు, ఇంకోచోట ఒప్పు. క్లాసులో అడిగితే "చెక్ చేసుకోవాలమ్మా" అన్నారు, ఇంతలో బెల్ కొట్టేశారు. చెక్ చేస్తే తెలుస్తుంది, నిజమే. కానీ తప్పు మూలం అసలు ఎక్కణ్ణించి వస్తోంది? నేను ఏ లైన్లోనూ తప్పు చెయ్యలేదు కదా. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

———

బీటెక్_సెకండియర్
ఆదివారం, రాత్రి 9:30

చెల్లీ, నా లెక్క ప్రకారం మొదటిదాంట్లో నువ్వు రాసింది కరెక్టే. √1 అంటే +1 అయినా కావచ్చు, −1 అయినా కావచ్చు. య = −1 పెడితే ఎడమ వైపు √1, కుడి వైపు −1. సరిపోయింది కదా. మీ సార్‌తో మాట్లాడి మార్కులు వేయించుకో.

———

విశ్రాంత_లెక్కల_మాస్టారు
ఆదివారం, రాత్రి 10:05

బీటెక్ బాబూ, ఆ మాట మీద వెళ్ళి అమ్మాయి మార్కులు అడిగితే ఇబ్బంది పడుతుంది. అందుకే ముందు ఇది తేల్చుకుందాం.

"వర్గం చేస్తే 9 వచ్చే సంఖ్యలేవి?" అని అడిగితే జవాబు 3, −3. అక్కడ రెండూ చెప్పాలి. కానీ √ అనే గుర్తు పెట్టి √9 అని రాస్తే, ఆ రెండింట్లో రుణం కానిది మాత్రమే అని అర్థం. √9 = 3, అంతే. నమ్మకం కుదరకపోతే వర్గ సమీకరణం సూత్రం గుర్తు చేసుకో. అందులో √ ముందు ± అని విడిగా రాస్తాం. √ లోపలే రెండు గుర్తులూ ఉంటే, బయట మళ్ళీ ± రాయాల్సిన పనేముంది?

ఇక అమ్మాయి ప్రశ్న. ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పాను తల్లీ. "తప్పు మూలం ఎక్కణ్ణించి వస్తోంది" అని అడిగిన పిల్లలు చాలా తక్కువ. మిగతావాళ్ళందరూ "చెక్ చెయ్యాలా వద్దా, మార్కులుంటాయా" అనే అడిగారు.

కాగితం తీసుకుని ఈ రెండు సమీకరణాలూ పక్కపక్కన రాయి.

√(2య + 3) = య
−√(2య + 3) = య

రెండూ వేర్వేరు లెక్కలు. మొదటిది నీకు ఇచ్చింది, రెండోది ఎవరూ ఇవ్వనిది. ఇప్పుడు రెండింటినీ వర్గం చెయ్యి. రెండు చోట్లా 2య + 3 = య² అనే వస్తుంది. వర్గం చేయగానే ముందున్న గుర్తు చెరిగిపోతుంది, అక్కణ్ణించి ఆ రెండు లెక్కలూ ఒకటే అయిపోతాయి. నువ్వు ఒక్కదాన్నే సాధిస్తున్నానని అనుకుంటావు గానీ, నీకు తెలియకుండానే దాని కవలను కూడా సాధిస్తున్నావు. 3 నీ లెక్క జవాబు, −1 దాని కవల జవాబు. రెండోదాంట్లో −1 పెట్టి చూడు, చక్కగా సరిపోతుంది.

కాబట్టి నువ్వు ఏ లైన్లోనూ తప్పు చెయ్యలేదన్నది నిజం. వర్గం చేయడం తప్పు కాదు, కాకపోతే అది ఒకవైపే నడిచే దారి. 5, −5 సమానం కావు, కానీ వాటి వర్గాలు సమానం. ముందుకు వెళ్ళినంత సులువుగా వెనక్కి రాలేం. మీ సార్ చెక్ చేసుకోమన్నది అందుకే. చేతి తప్పులు పట్టుకోవడానికి చేసే చెకింగ్ వేరు, ఇది వేరు. ఇక్కడ సరిచూడడం సాధనలో భాగమే. అది లేకపోతే లెక్క సగంలో ఉన్నట్టు.

"రుణ సంఖ్య వస్తే కొట్టేయాలి" అనే సూత్రం మాత్రం మర్చిపో. అలాంటిది లేదు. ఇదిగో, ఇది చేసి రేపు చెప్పు:

√(3 − 2య) = −య

———

బీటెక్_సెకండియర్
ఆదివారం, రాత్రి 10:21

± సంగతి చెప్పాక అర్థమైంది మాస్టారూ. ఇన్నాళ్ళూ √ అంటే రెండు విలువలనే అనుకుంటూ వచ్చాను. చెల్లీ, నేను చెప్పింది పట్టించుకోకు, సారీ.

———

చుక్కల_ముగ్గు
ఆదివారం, రాత్రి 10:48

మాస్టారూ, రేపటి దాకా ఆగలేకపోయాను. వర్గం చేస్తే య² + 2య − 3 = 0, మూలాలు 1, −3.

య = 1 పెడితే √1 = 1, కుడి వైపు −1. కుదరలేదు.
య = −3 పెడితే √9 = 3, కుడి వైపు 3. కుదిరింది!

ఈసారి ధన సంఖ్యను కొట్టేసి రుణ సంఖ్యను ఉంచాలి. సంఖ్య గుర్తుతో సంబంధం లేదు, √ కి ఎదురుగా ఉన్న వైపు గుర్తు చూడాలి. అంతేనా?

అయితే రెండో లెక్కలో నా పద్ధతి తప్పయితే −1 అనే సరైన జవాబు ఎలా వచ్చింది? అది ఇంకా అర్థం కాలేదు.

———

గోదారి_గట్టు
సోమవారం, ఉదయం 6:40

నేను రాజమండ్రిలో ట్యూషన్లు చెబుతాను. మాస్టారు మొదటిదాని సంగతి చెప్పేశారు కాబట్టి రెండోది నేను తీసుకుంటాను. ఇది మరీ మంచి ప్రశ్న.

నువ్వు చేసిన పొరపాటు ఇదీ: (√అ − √ఆ)² అంటే అ − ఆ అని రాశావు. సంఖ్యలతో చూడు. √25 − √9 = 2, దాని వర్గం 4. కానీ 25 − 9 = 16. మా పిల్లల్లో సగం మంది చేసే తప్పు ఇదే. నిజంగా రావాల్సింది

అ + ఆ − 2√అ√ఆ

మరి −1 ఎలా దొరికింది? నువ్వు రాసిన అ − ఆ, రావాల్సిన అ + ఆ − 2√అ√ఆ ఎప్పుడు సమానమవుతాయో చూద్దాం. 2ఆ = 2√అ√ఆ అయితే. అంటే ఆ సున్నా అన్నా కావాలి, లేదా అ, ఆ రెండూ సమానమన్నా కావాలి. నీ లెక్కలో ఆ = య + 1. య = −1 అయితే అది సరిగ్గా సున్నా! √ఆ మాయమైపోయింది కాబట్టి నీ తప్పు సూత్రం ఆ ఒక్క బిందువు దగ్గర నిజమైంది. కేవలం కాకతాళీయం. 3 దగ్గర ఆ అదృష్టం లేదు, అందుకే 3 నీకు కనబడనే లేదు.

సరైన దారి ఇది. ఒక వర్గమూలాన్ని అవతలికి పంపు:

√(2య + 3) = 1 + √(య + 1)

ఇప్పుడు వర్గం చెయ్యి:

2య + 3 = 1 + (య + 1) + 2√(య + 1)
య + 1 = 2√(య + 1)

ఇక్కడ ఆగు. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. రెండు వైపులా √(య + 1) ఉంది కదా అని దాంతో భాగించేస్తారు. √(య + 1) = 2, య = 3 అని ముగించేస్తారు. −1 పోతుంది. ఎందుకంటే య = −1 దగ్గర నువ్వు భాగించింది సున్నాతో. వర్గం చేస్తే లేని మూలం వచ్చి చేరుతుంది, చరరాశితో భాగిస్తే ఉన్న మూలం పోతుంది. నా అనుభవంలో రెండోదే ప్రమాదం. అదనంగా వచ్చినదాన్ని సరిచూస్తే పట్టుకోవచ్చు, పోయినదాన్ని ఏం పెట్టి వెతుకుతాం?

అందుకని భాగించకుండా కారణాంకాలుగా రాయి:

√(య + 1) · (√(య + 1) − 2) = 0

మొదటిది సున్నా అయితే య = −1, రెండోది సున్నా అయితే య = 3. సరిచూడు. 3 దగ్గర √9 − √4 = 1. −1 దగ్గర √1 − √0 = 1. రెండూ నిలబడ్డాయి.

———

డాలస్_నుంచి_అమ్మ
సోమవారం, ఉదయం 8:15

మావాడు ఇక్కడ తొమ్మిదో తరగతి. వాళ్ళకూ ఇప్పుడు ఇవే లెక్కలు నడుస్తున్నాయి. ప్రతి లెక్క కిందా సరిచూసిన వరుస రాయకపోతే వాళ్ళ టీచర్ పూర్తి మార్కులు ఇవ్వరు. "అమ్మా, అన్నీ సరిగ్గా చేశాక మళ్ళీ ఇదెందుకు" అని రోజూ గొడవే. నేను గుంటూరులో తెలుగు మీడియంలో చదివాను, "ప్రతిక్షేపించి సరిచూడుము" అని చేయించేవాళ్ళు. చేశాం గానీ ఎందుకో నాకూ తెలియదు. మాస్టారు చెప్పిన కవలల మాట నిన్న వాడికి చెప్పాను.

వాడు వెంటనే ల్యాప్‌టాప్‌లో డెస్మోస్ తెరిచి √(2య + 3) గ్రాఫ్, య గ్రాఫ్ రెండూ గీశాడు. 3 దగ్గర ఒక్కచోటే కలిశాయి. తర్వాత వాడంతట వాడే √ ముందు మైనస్ పెట్టాడు. కింద ఇంకో కొమ్మ వచ్చింది, పక్కకి ఒరిగిన పరావలయం పూర్తయింది. వాలు గీత ఆ కింది కొమ్మను సరిగ్గా −1 దగ్గర తాకింది. వాడు తెరకేసి వేలు పెట్టి "ఇదిగో నీ కవల" అన్నాడు, తెలుగులోనే. నాకు ఎంత సంతోషం అనిపించిందో.

———

ర్యాంకు_కావాలి
సోమవారం, మధ్యాహ్నం 1:02

ఇదంతా బాగానే ఉంది గానీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. నెగెటివ్ మార్కులు కూడా లేవు. నాలుగు ఆప్షన్లూ ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే ఇరవై సెకన్లలో అయిపోతుంది. వర్గం చెయ్యడమే దండగ అని నా ఉద్దేశం.

———

గోదారి_గట్టు
సోమవారం, మధ్యాహ్నం 2:20

ఆప్షన్లలో విలువలిస్తే నువ్వన్నదే చెయ్యి తమ్ముడూ, నేనూ మా పిల్లలకి అదే చెబుతాను. కానీ "ఎన్ని వాస్తవ సాధనలు ఉన్నాయి?" అని అడిగి 0, 1, 2, 3 ఆప్షన్లు ఇస్తే ఏం పెట్టి చూస్తావు?

అలాంటప్పుడు ఈ ఒక్క వాక్యం చాలు. √అ = ఆ అని ఉంటే, అది "ఆ రుణం కాకూడదు, అ = ఆ² కావాలి" అన్నదానికి పూర్తిగా సమానం. అ సున్నా కన్నా తక్కువేమో అని విడిగా చూడక్కర్లేదు, అది ఒక వర్గానికి సమానమైంది కాబట్టి రుణం కాలేదు. మొదటి లెక్కలో య ≥ 0 అని పక్కన రాసుకుంటే −1 రాగానే తీసెయ్యొచ్చు, √ లో పెట్టి చూడక్కర్లేదు.

కొన్నిటికి పెన్ను కూడా ఎత్తక్కర్లేదు. √(య − 4) + √(1 − య) = 3 ఉందనుకో. మొదటి దానికి య కనీసం 4 ఉండాలి, రెండోదానికి 1 దాటకూడదు. సాధన లేదు, అయిపోయింది. వర్గం చేయడం మొదలుపెట్టినవాడు పేజీ నింపుతాడు.

———

ర్యాంకు_కావాలి
సోమవారం, మధ్యాహ్నం 2:31

ఆ వాక్యం రాసి పెట్టుకున్నాను. థాంక్స్ అన్నా.

———

తాళపత్రం
సోమవారం, రాత్రి 8:50

ఎక్స్ బదులు య అని రాస్తున్నందుకు ఏమనుకోవద్దని ఆ అమ్మాయి అంది. అమ్మా, అది మన పాత పద్ధతేనని నీకు తెలుసా? భాస్కరాచార్యుడు తెలియని రాశిని "యావత్తావత్" అని, పొట్టిగా "యా" అని రాశాడు. రెండో తెలియని రాశి ఉంటే కాలక, తర్వాత నీలక, ఇలా రంగుల పేర్లు.

ఈ చర్చ చదువుతుంటే ఆయన బీజగణితంలో కోతుల లెక్క గుర్తొచ్చింది. 1150 నాటి పుస్తకం. కోతుల గుంపులో అయిదో వంతు తీసుకుని, అందులోంచి మూడు తగ్గించి, వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి వెళ్ళాయి. ఒక్క కోతి కొమ్మ మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని?

(య/5 − 3)² + 1 = య

జవాబులు 50, 5. రెండూ ఈ సమీకరణానికి సరిపోతాయి. కానీ భాస్కరుడు 5 వద్దన్నాడు. 5 లో అయిదో వంతు 1, అందులో మూడు తీస్తే −2. కోతుల సంఖ్య రుణం కావడాన్ని లోకం ఒప్పుకోదు అన్నది ఆయన కారణం. ఇదే లెక్కను √(య − 1) = య/5 − 3 అని రాయండి. 5 పెడితే ఎడమ 2, కుడి −2. మాస్టారి కవల ఇక్కడ కూడా ఉంది!

లీలావతిలో అర్జునుడి లెక్క కూడా చెప్పకుండా ఉండలేను. కర్ణుడి మీదికి అర్జునుడు కొన్ని బాణాలు తీశాడు. సగంతో కర్ణుడి బాణాలు అడ్డుకున్నాడు. మొత్తం బాణాల వర్గమూలానికి నాలుగు రెట్లతో గుర్రాలను, ఆరింటితో శల్యుణ్ణి, మూడింటితో గొడుగు, జెండా, విల్లు, ఒక్కదానితో కర్ణుడి తల. సగం పోతే మిగిలిన సగం 4√య + 10. కాబట్టి

య = 8√య + 20

దీనికి ఆయన పద్ధతి నోటితో చేసెయ్యొచ్చు. వర్గమూలం ముందున్న 8 లో సగం 4, దాని వర్గం 16, దానికి 20 కలిపితే 36, వర్గమూలం 6. ఆ 6 కి 4 కలిపితే 10. వర్గం 100 బాణాలు. √య = క అనుకుంటే క² − 8క − 20 = 0, మూలాలు 10, −2. క అంటే వర్గమూలం కాబట్టి −2 అక్కడికక్కడే పోతుంది. దాన్ని వదలకుండా వర్గం చేస్తే 4 బాణాలు వస్తాయి, కానీ శల్యుడికే ఆరు కావాలి.

ఇంకోటి మీకోసం వదిలేస్తున్నాను. ఇది భాస్కరుడికి మూడు వందల ఏళ్ళ ముందు, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలోది. మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. ఒంటెల మందలో నాలుగో వంతు అడవిలో ఉంది. మంద వర్గమూలానికి రెండు రెట్లు కొండ వాలు మీద ఉన్నాయి. మూడయిదులు పదిహేను ఏటి ఒడ్డున ఉన్నాయి. మంద ఎంత?

———

అనంత_సీమ
మంగళవారం, ఉదయం 11:10

మాది అనంతపురం జిల్లా. కోతులూ బాణాలూ బాగున్నాయి, నేను మా బావి లెక్క చెబుతాను. తాత తవ్వించిన బావి, గట్టు మీద పాత ఇనుప గిలక అలాగే ఉంది. ఇప్పుడు అడుగున కొంచెం నీళ్ళున్నాయి. నీటి దాకా ఎంత లోతో తెలియాలి, కొత్త మోటారు పైపు కొనాలి.

గులకరాయి వదిలి, నీళ్ళలో పడిన చప్పుడు వినబడేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. అయిదుసార్లు చేస్తే 2.1, 2.0, 2.2, 1.9, 2.1 సెకన్లు. సగటు 2.06. రాయి పడే కాలం √(లోతు/5), గురుత్వ త్వరణం 10 అనుకుంటే. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది కాబట్టి చప్పుడు పైకి రావడానికి లోతు/340. ఇక్కడ య అంటే లోతు, మీటర్లలో:

√(య/5) + య/340 = 2.06

√(య/5) = క అనుకున్నాను. య = 5క². అప్పుడు క² + 68క − 140.08 = 0. క విలువ 2 కి చాలా దగ్గర. లోతు 20 మీటర్లు, అంటే 65 అడుగుల పైన కొంచెం. శబ్దం వచ్చే కాలం వదిలేస్తే 21 మీటర్లు దాటుతోంది. మీటరు పైన తేడా, పైపు డబ్బులు దండగయ్యేవి.

రెండో మూలం క = −70. కుతూహలం కొద్దీ దాన్నీ లోతులోకి మార్చాను. 24,500 మీటర్లు! ప్రపంచంలోకెల్లా లోతైనది, రష్యాలో కోలా దగ్గర తవ్విన బోరే 12,262 మీటర్లు. ఈ చర్చ చదవకముందైతే నేనెక్కడో తప్పు చేశాననుకుని కాగితం చించేసేవాణ్ణి. ఇప్పుడు తెలుసు, క వర్గమూలం కాబట్టి రుణం కాదు, అది కవలది.

———

విశ్రాంత_లెక్కల_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:30

నాయనా, చాలా బాగుంది. ఒక్క మాట. నీళ్ళను తాకేటప్పటికి రాయి సెకనుకి 20 మీటర్ల వేగంతో పోతుంటుంది. బటన్ నొక్కడంలో సెకనులో పదో వంతు ఆలస్యమైనా లోతు రెండు మీటర్ల దాకా మారిపోతుంది. అయిదుసార్లు కొలిచి సగటు తీయడం మంచి పని. అయినా పైపు కొనేముందు తాడు వేసి చూడు.

———

చుక్కల_ముగ్గు
మంగళవారం, రాత్రి 9:05

ఒంటెలు చేశాను. √య = క అనుకుంటే 3క² − 8క − 60 = 0. క = 6 లేదా −10/3. క వర్గమూలం కాబట్టి 6 ఒక్కటే. మంద 36.

సరిచూస్తున్నాను: అడవిలో 9, కొండ మీద 12, ఏటి ఒడ్డున 15. మొత్తం 36.

తర్వాత −10/3 ని కూడా పారెయ్యకుండా దాని కవలలో పెట్టి చూశాను. య = 100/9. √ ముందు మైనస్ పెడితే 25/9 − 20/3 + 15. లెక్క వేస్తే 100/9 వచ్చింది! అది కూడా కచ్చితంగా సరిపోయింది మాస్టారూ.

———

అనంత_సీమ
బుధవారం, ఉదయం 7:45

గిలక మీదుగా తాడు వేశాం. రాయి కట్టి, నీటికి తగలగానే ముడి వేసి, పైకి లాగి టేపుతో కొలిచాం. 62 అడుగులు, అంటే దాదాపు 18.9 మీటర్లు. ఆ లోతుకి సరిగ్గా 2.00 సెకన్లు రావాలి, నాకు 2.06 వచ్చింది. 70 అడుగుల పైపు తెస్తున్నాను, కొంత నీళ్ళలో మునగాలి కదా.